రెండున్నరకి తలుపు తట్టిన రోజులు

పోర్ట్‌బ్లెయిర్ అబర్డీన్ బజార్ లాడ్జీల్లో అర్ధరాత్రి దాటి రెండున్నర అయ్యేసరికి తలుపులు తట్టే చప్పుడు మొదలయ్యేది. ఫోన్లో పెట్టుకున్న అలారాల్ని డ్రైవర్లు నమ్మేవాళ్ళు కాదు. పిడికిలితో రెండు దరువులు, ‘బారాటాంగ్, బారాటాంగ్’ అని ఓ కేక, అంతే. బారాటాంగ్ అంటే ఉత్తరాన అడవి దాటాక వచ్చే దీవి, సున్నపురాయి గుహ చూడటానికి టూరిస్టులు వెళ్ళేది అక్కడికే. పక్క గదివాళ్ళు విసుక్కున్నా పట్టించుకునేవాళ్ళు కాదు. మర్నాడు తట్టబోయేది ఎలాగూ ఆ తలుపే. కిందికి దిగితే టవేరాలు, సుమోలు, టెంపో ట్రావెలర్లు ఇంజన్లు ఆన్ చేసుకుని వరసగా నిలబడి ఉండేవి. ఇప్పుడు ఆ ఊరు శ్రీ విజయపురం అయింది, హావ్‌లాక్ దీవి 2018లోనే స్వరాజ్ ద్వీప్ అయింది. ఆ రోజులు తలుచుకుంటే మాత్రం నోటికి పాత పేర్లే వస్తాయి. అలాగే రాస్తాను.

అండమాన్‌కి జనం సముద్రం కోసం వస్తారు. రాధానగర్ ఇసుక, ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్, నీల్ దీవిలో అద్దె సైకిలు. ఐదారు రోజుల ప్యాకేజీలో అడవికి మిగిలేది ఒక్క రోజు, ఆ ఒక్క రోజూ బారాటాంగే. అందుకే ఆ బండ్లలో ఎక్కేవాళ్ళు అడవికి తయారైన మనుషులు కాదు, బీచి నుంచి అలాగే లేచి వచ్చినవాళ్ళు. కాళ్ళకి హవాయి చెప్పులు, సంచిలో ఇంకా ఆరని తువ్వాలు, ఎండకి కమిలి ఎర్రబడ్డ భుజాలు. పొద్దున ఎనిమిదింటికి లైఫ్ జాకెట్ పట్టీ ఆ భుజం మీద పడినప్పుడు అరుపు వినపడేది. పాత డ్రైవర్లు ముందు రోజు సాయంత్రమే చెప్పి పంపేవాళ్ళు: కాలర్ ఉన్న నూలు చొక్కా, వెనక పట్టీ ఉన్న చెప్పులు, ఐడీ కార్డు జిరాక్సులు మనిషికి రెండు, చిల్లర డబ్బులు. హావ్‌లాక్ నుంచి పొద్దున్నే షిప్పెక్కి వచ్చి అదే రోజు బారాటాంగ్ చూసేస్తామనేవాళ్ళకి మాత్రం ఒకటే జవాబు, కుదరదని. ముందు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లో పడుకోవాల్సిందే. అదే సాయంత్రం విమానం పెట్టుకున్నవాళ్ళని ఎక్కించుకోవడానికి అనుభవం ఉన్న డ్రైవరెవరూ ఒప్పుకునేవాడు కాదు.

గరాచర్మా దాటాక దీపాలు పల్చబడేవి. ఫెర్రార్‌గంజ్ తర్వాత చీకటి, చీకట్లో ముందు బండి ఎర్ర లైట్లు. జిర్కాటాంగ్ గేటుకి సుమారు 45 కిలోమీటర్లు, గంటా గంటంబావు. అక్కడి నుంచి జరావా ఆదివాసుల రిజర్వు అడవి మొదలు. గేటు ఎవరికి వాళ్ళకి తీయరు. బండ్లన్నీ గుంపుగా, ముందొక పోలీసు బండి, వెనకొక పోలీసు బండితో కాన్వాయ్‌గా వెళ్ళాలి. మొదటి కాన్వాయ్ ఆరింటికి, తర్వాతది తొమ్మిదింటికి. ఆరింటి గేటుకి రెండున్నరకే లేవడం దేనికని ప్రతి బండిలోనూ ఒకరు అడిగేవారు. గేటు ఆరుకే తీస్తారు, నిజమే. కానీ సీజన్లో వందకి పైగా బండ్లు. వరసలో ముందున్నవాడికి అవతల మొదటి ఫెర్రీ, మొదటి ఫెర్రీ దిగినవాడికి మొదటి స్పీడుబోటు, మొదటి బోటు ఎక్కినవాడికి ఖాళీ గుహ. ఇక్కడ పది బండ్లు వెనకబడితే గుహ దగ్గరికి వెళ్ళేసరికి ముందువాళ్ళ వీపులు చూస్తూ నిలబడాలి.

ఆ రెండు గంటల నిరీక్షణే చాలామందికి ఎక్కువగా గుర్తుండిపోయింది. రోడ్డు పక్క రేకుల షెడ్లలో పొయ్యిలు వెలిగి ఉండేవి. చాయ్, వడ, పూరీ, ఉడికించిన గుడ్డు, బ్రెడ్ ఆమ్లెట్. డ్రైవరు బానెట్ మీద కాగితం పరిచి పేర్లు, వయసులు, ఊళ్ళు, ఐడీ నంబర్లు రాస్తుంటే ఒకరు టార్చి పట్టేవారు. తప్పులు దొర్లేది అక్కడే. బుకింగ్‌లో ఒక పేరు, కార్డులో ఇంకో పేరు. పిల్లాడి కార్డు లాడ్జిలో. మన తెలుగువాళ్ళ ఇంటిపేరు సంగతైతే చెప్పక్కర్లేదు, టికెట్‌లో ముందుంటుంది, ఆధార్‌లో వెనకుంటుంది, కౌంటర్లో మనిషికి ఇద్దరు మనుషుల్లా కనపడుతుంది. ఆ ఫారం కౌంటర్లో ఇచ్చి ముద్ర పడి వచ్చేదాకా డ్రైవరు చాయ్ కూడా తాగేవాడు కాదు.

పూరీ సంగతి. వేడివేడిగా కళ్ళముందు పొంగుతుంటే తినకుండా ఉండటం కష్టమే. కానీ గేటు దాటాక దాదాపు 50 కిలోమీటర్లు మలుపులే మలుపులు, ఎక్కడా ఆపకూడదు, కాబట్టి వాంతికైనా ఆపరు. నూనె పూరీలు మూడు లాగించినవాళ్ళూ అవస్థపడేవాళ్ళు, రాత్రి నుంచి ఖాళీ కడుపుతో వచ్చినవాళ్ళూ పడేవాళ్ళు. రెండు బిస్కెట్లు, ఒక అరటిపండు, చాలు. వాంతుల మాత్ర వేసుకునేవాళ్ళు గేటు తీయడానికి అరగంట ముందే వేసుకోవాలి, బండి కదిలాక వేసుకుంటే తిన్నది మాత్రతో సహా బయటికొస్తుంది. మాత్రలంటే పడనివాళ్ళకి అల్లం మురబ్బా ముక్క. ఫోన్లో తల పెట్టుకోకుండా ముందున్న రోడ్డు వైపు చూస్తే సగం తిప్పుడు తగ్గుతుంది. సీటు వెనక సంచిలో ప్లాస్టిక్ కవర్లు డజను ఉంచని డ్రైవరు కొత్తవాడన్నట్టే. ఇంకోటి, బాత్రూంకి అక్కడే వెళ్ళి రావాలి. ఆ గేటు దాటితే మళ్ళీ గంటన్నర తర్వాతే.

సరిగ్గా ఆరు కొట్టేసరికి గేటు లేచేది. పోర్ట్‌బ్లెయిర్ మన గడియారమే వాడుతుంది కానీ సూర్యుడు అక్కడ మనకంటే బాగా ముందు. వేసవిలో ఐదింటికే తెల్లారిపోతుంది, డిసెంబర్లో ఐదున్నర దాటాక. గేటు లేచేసరికి చెట్లలోంచి బూడిదరంగు వెలుగు దిగుతుండేది.

ఈ రోడ్డు గురించి కాస్త నిలబడి చెప్పాలి. 1970ల్లో అడవిని చీల్చుకుంటూ వేసిన అండమాన్ ట్రంక్ రోడ్డు ఇది, పోర్ట్‌బ్లెయిర్‌ని పైనున్న దిగ్లిపూర్‌తో కలుపుతుంది. చీల్చింది జరావాల అడవిని. బయటివాళ్ళంటే విల్లు ఎక్కుపెట్టి తరిమిన జరావాలు 1997 చివర్లో తమంతట తాముగా బయటికి రావడం మొదలుపెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే, 1999లో, వాళ్ళలో తట్టు పాకింది. మనకి వారం రోజుల జ్వరం, ఆ రోగమే ఎరగని ఒంటికి ప్రాణాల మీదికి. బిస్కెట్ ఇవ్వకండి, పండు ఇవ్వకండి, చేయి కలపకండి అనే మాటలకి మూలం అదే. 2002లో రిజర్వు గుండా పోయే రోడ్డు మూసేయమని సుప్రీంకోర్టు చెప్పింది, రోడ్డు మాత్రం నడుస్తూనే ఉంది. 2013 జనవరిలో మధ్యంతర ఉత్తర్వుతో పర్యాటకుల బండ్లు ఆగాయి, మార్చిలో మళ్ళీ కదిలాయి. ఆ ఆరు వారాలూ బారాటాంగ్ బోట్ల లైఫ్ జాకెట్లు తాళ్ళకి వేలాడుతూ ఎండాయి.

నియమాలు గట్టివి, 1956 నాటి ఆదివాసీల రక్షణ రెగ్యులేషన్ కింద వచ్చినవి. ఆపకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు, గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు, ఫోటో తీయకూడదు, ఏదీ విసరకూడదు. మంచి డ్రైవర్లు గేటు దగ్గరే అందరి కెమెరాలూ సంచుల్లో పెట్టించి, ఆ సంచుల్ని డిక్కీలో పడేసేవాళ్ళు. ‘కనపడతారా?’ అని అడిగితే ‘రోడ్డు చూడండి సార్’ అని ఒక్క మాట అనేవాళ్ళు. కానీ కొందరు ఏజెంట్లు జరావాలని చూపిస్తామని ఆశపెట్టే టికెట్లు అమ్మేవాళ్ళు. ఆ మాట విని వచ్చినవాళ్ళు దారి పొడుగునా అద్దాలకి మొహాలు ఆనించి కూర్చునేవాళ్ళు. ఎవరింటి వాకిట్లోంచో మనం దారి చేసుకుని పోతూ, లోపలివాళ్ళు బయటికొస్తారా అని తొంగిచూడటం ఏ ఊళ్ళోనూ మర్యాద కాదు. ఈ ట్రిప్పులో తలుచుకుంటే తల దించుకోవలసిన భాగం ఇదొక్కటే. అది కొండంత.

చూడాల్సింది చెట్లు. గర్జన్ చెట్టు కొమ్మ లేకుండా స్తంభంలా పైకి వెళ్ళి ఎక్కడో తల విప్పుతుంది. పడౌక్ కింద మొదలు దగ్గర మనిషెత్తు పలకల్లా వేళ్ళు లేచి ఉంటాయి. మట్టిలో సారమంతా పైపొరలోనే, వేరు లోతుకి పోదు, అందుకే పక్కలకి పలకలు పోసుకుని నిలబడుతుంది. పేము తీగలు చెట్టు నుంచి చెట్టుకి. ఇంజన్ చప్పుడు మీదుగా కూడా కీచురాళ్ళు వినపడేవి.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర రోడ్డు నీళ్ళలో ఆగిపోతుంది. టూరిస్టు బండ్లు ఎక్కువగా అక్కడే ఉండిపోయేవి, మనుషులు మాత్రం ఫెర్రీ ఎక్కేవాళ్ళు. బస్సులు, లారీలు, కూరగాయల బుట్టలు, స్కూటర్లు, మనుషులు, అన్నీ ఒకే డెక్కు మీద. పది పదిహేను నిమిషాల్లో అవతలి ఒడ్డు, నీలాంబూర్ జెట్టీ, బారాటాంగ్ దీవి. దిగేముందు డ్రైవరు తిరుగు కాన్వాయ్ సమయం రెండుసార్లు చెప్పేవాడు. తెలివైనవాళ్ళు చేతి మీద పెన్నుతో రాసుకునేవాళ్ళు, ఎందుకంటే అక్కడ ఫోను పనిచేసేది కాదు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చేదాకా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఇంటర్నెట్ ఈడ్చుకుంటూ నడిచేది, బారాటాంగ్ మాట చెప్పేదేముంది.

జెట్టీ మీద రెండో జిరాక్సు పని. అటవీ శాఖ పర్మిట్, బోటు టికెట్, లైఫ్ జాకెట్. జాకెట్ వేసుకోవడం కూడా ఒక పనే. పై బకిల్ పెట్టుకుని కింది రెండూ వదిలేస్తే నీళ్ళలో అది చెవుల దాకా లేస్తుంది, మనిషి కిందే ఉంటాడు. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడాలి, గడ్డానికి తగలకుండా నిలిస్తే సరిపోయినట్టు. బోటుకి పదిమంది. బరువైనవాళ్ళు మధ్యలో. ముక్కు దగ్గర కూర్చుంటే గాలి బాగుంటుంది, నడుముకి దెబ్బలు కూడా బాగానే ఉంటాయి. నడుము నొప్పి ఉన్నవాళ్ళు, గర్భిణులు వెనక ఇంజను దగ్గర కూర్చుంటే కుదుపు తక్కువ.

వెడల్పాటి జలసంధిలో అరగంట పరుగు. తర్వాత బోటు ఇంజను గొంతు తగ్గించి మడ అడవిలోకి తిరిగేది. కోరింగ చూసినవాళ్ళకి మడ అడవి కొత్త కాదు. మన ఉప్పుపొన్న జాతి చెట్లే ఇక్కడా, సాలెపురుగు కాళ్ళలాంటి వేళ్ళతో నీళ్ళలో నిలబడి. కాకపోతే ఇక్కడ వాగు సన్నబడేకొద్దీ రెండు ఒడ్ల చెట్లూ పైన కలిసిపోతాయి. బోటు ఆకుపచ్చ గొట్టంలోకి దూరినట్టు ఉండేది. వెలుగు నీళ్ళమీంచి పైకి, ఆకుల అడుగులకి కొట్టేది. చేతికందే ఎత్తులో మునక్కాయల్లా వేలాడేవి కాయలు అనుకుంటారు. అవి మొలకలు. విత్తనం నేలమీద పడి మొలుద్దామంటే అక్కడ నేల ఉండదు, ఉప్పునీళ్ళు. అందుకని చెట్టు మీదే మొలకెత్తి, జానెడు పొడుగు పెరిగి, అప్పుడు రాలుతుంది. పాటు నీళ్ళలో రాలితే బురదలో నిలువునా గుచ్చుకుంటుంది, పోటులో రాలితే తేలుతూ పోయి ఇంకెక్కడో వేరు పడుతుంది. ఒకటి తెంపి చేతికిస్తే కింది మొన ముదురుగా, పై కొన లేతగా తెలిసేది. తెంపక్కర్లేదు, నీళ్ళమీద ఎన్నో తేలుతుంటాయి. చేయి పెట్టి తీసుకోవడం మాత్రం బోటువాడికే వదిలేయాలి, ఆ వాగుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. చేతులు బోటు లోపల అన్న మాట ఊరికే అన్నది కాదు.

పోటు పాటు లెక్క పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్ తెలుగు జాలర్లకి వేళ్ళ కొసల మీద ఉండేది. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ప్రతి రోజూ పోటు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ నీళ్ళు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి చుట్టూ మందం. టూరిస్టు ప్యాకేజీ ఈ లెక్క చూడదు, శనాదివారాలు చూస్తుంది. అమావాస్య చుట్టుపక్కల పాటు సమయంలో సన్న వాగులోకి వెళ్తే బోటు అడుగు బురదకి తగిలేది. అప్పుడు ఇంజను ఎత్తి కర్రతో తోయాలి. ఎత్తకుండా గ్యాస్ ఇచ్చినవాడు నీళ్ళలో తిరిగే పంకాని వేరుకేసి కొట్టేవాడు. పాత చిన్న ఇంజన్లలో పంకాని ఇరుసుకి పట్టుంచేది షియర్ పిన్ అని అగ్గిపుల్లంత మెత్తటి లోహం ముక్క. గట్టిగా తగిలితే గేర్లు పోకుండా ముందు అది తెగుతుంది. ఇంజను అరుస్తుంటుంది, బోటు కదలదు. పిన్ను తెగిందని అర్థం. రెండు స్పేర్ పిన్నులు, ఒక ప్లయర్ ఉంటే పది నిమిషాల పని. లేకపోతే మేకు ముక్క పెట్టేవాళ్ళు. మేకు గట్టిది, తెగదు, ఈసారి పోయేది గేరే.

నయాడేరా జెట్టీ దగ్గర దిగాక మడ చెట్ల మధ్య చెక్క వంతెన, అక్కడి నుంచి కిలోమీటరుంబావు నడక. దూరం ఏమీ కాదు. కానీ అడవిలో గాలి ఆడదు, చెమట ఆరదు, బీచి గాలికి అలవాటుపడినవాళ్ళు పావుగంటలో ఎర్రబడిపోయేవాళ్ళు. మనిషికి లీటరు నీళ్ళు తప్పనిసరి. వేళ్ళ మీద నాచు జారుతుంది, వేరు మీద కాకుండా వేరు దాటి అడుగేయాలి. వానాకాలమైతే జలగలు. కాలికి పట్టినదాన్ని పీక్కూడదు, గోటితో పక్కకి నెట్టాలి. దారి మధ్యలో అడవి విప్పుకుని వరి మడి, నాలుగైదు ఇళ్ళు, అరటిచెట్లు. ఛోటా నాగ్‌పూర్ నుంచి అడవి పనులకొచ్చి స్థిరపడిన రాంచీవాళ్ళ ఊళ్ళు బారాటాంగ్‌లో చాలానే ఉన్నాయి. ఒక బల్ల మీద నిమ్మకాయ నీళ్ళు, కీరా ముక్కలు ఉప్పుకారం చల్లి. వెళ్ళేటప్పుడు ఒక గ్లాసు, వచ్చేటప్పుడు రెండు.

గుహ అనగానే బొర్రా గుహలంత మందిరం ఊహించుకుని వచ్చేవాళ్ళు మన తెలుగువాళ్ళు. ఇది అంత కాదు. మొదట పైకప్పు తెరుచుకుని ఆకాశం కనపడే గోడల సందు, పోనుపోను ఇరుకై, చీకటై, ఆగిపోతుంది. రంగు లైట్లు లేవు. ఎవరి టార్చి వాళ్ళది, ఫోను లైటు చాలదు. గైడు టార్చి ఒక మూల పెట్టి వినాయకుడు అంటాడు, ఇంకో మూల ఏనుగు అంటాడు. పిల్లలకి బాగుంటుంది. మిగతావాళ్ళు టార్చి కొంచెం కిందికి దించి, వేలాడే సున్నపురాయి కొసని ఒక నిమిషం చూడాలి. కొస చివర ఒక చుక్క. పెరుగుతుంది, సాగుతుంది, వణుకుతుంది, పడదు. పైన అడవి మట్టిలో బొగ్గుపులుసు వాయువు కలుపుకున్న వాననీళ్ళు సున్నపురాయిని కరిగించుకుని ఇక్కడిదాకా వచ్చాయి. గాలి తగిలి ఆ వాయువు పోగానే కరిగిన సున్నంలో రవ్వంత కొసకే అంటుకుంటుంది. అప్పుడు చుక్క పడుతుంది. కింద పడ్డచోట ఇంకో రవ్వ. పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి, రెండూ కలవడానికి వేల ఏళ్ళు. చేత్తో ముడితే చర్మం జిడ్డు అంటి నీళ్ళు ఆ చోట నిలవవు, పెరుగుదల ఆగిపోతుంది. చేయి అందే ఎత్తులో ఉన్నవి నల్లగా, అందని ఎత్తులో ఉన్నవి తెల్లగా ఉండేవి. ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మట్టి అగ్నిపర్వతం దగ్గర అందరి మొహాలూ ఒకేలా పడిపోయేవి. అగ్నిపర్వతమని పేరు వినగానే పొగ, నిప్పు అనుకుంటారు. జెట్టీ దగ్గర జీపు మాట్లాడుకుని వెళ్ళి, మెట్లెక్కితే, కంచె అవతల బూడిదరంగు బురద గుంట. వేడి కూడా ఉండదు. భూమి లోపల కుళ్ళిన జీవపదార్థం నుంచి పుట్టిన వాయువు బురదని పైకి తోస్తుంటుంది. ‘ఇంతేనా?’ అనేసి ఫోటో తీసుకుని దిగిపోయేవాళ్ళు నూటికి తొంభై మంది. కాస్త కూర్చున్నవాళ్ళకి మాత్రం బురద మధ్యలో పెసరట్టంత బుడగ లేచి, మెరిసి, టప్‌మని పగిలి, రింగులు రింగులుగా ఆరడం కనపడేది. 2003లోనూ, సునామీ భూకంపం తర్వాతా ఇదే గుంట గట్టిగా ఎగదన్నింది కూడా. సమయం తక్కువుంటే వదిలేయాల్సింది దీన్నే, గుహని కాదు.

ఇక చిలకల దీవి. సాయంత్రం వేలకొద్దీ చిలకలు మడ చెట్ల మీద వాలే చోటు. కానీ చిలకలు సూర్యాస్తమయానికి వస్తాయి, చివరి కాన్వాయ్ అంతకు ముందే పోతుంది. ఆ రాత్రి బారాటాంగ్‌లో పడుకునేవాళ్ళకే అది దక్కేది. ఒక్కరోజు ట్రిప్పులో చిలకలు కూడా చూపిస్తామన్నవాళ్ళు అబద్ధం చెప్తున్నట్టే లెక్క.

తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. మధ్యాహ్నం పన్నెండున్నర కాన్వాయ్ అందితే చీకటి పడకముందే పోర్ట్‌బ్లెయిర్. భోజనానికి కూర్చుని చేపల పులుసు కోసం ఆగినవాళ్ళు తర్వాతి కాన్వాయ్ దాకా ఎండలో ఉండిపోయేవాళ్ళు. చలికాలంలో ఐదు దాటితే అక్కడ చీకటే. లాడ్జి ముందు దిగాక డ్రైవరు కాళ్ళకింది మ్యాట్లు తీసి బకెట్ నీళ్ళతో కడిగేవాడు. అగ్నిపర్వతం బురద తెల్లగా ఆరి దులిపితే రాలిపోయేది. మడ బురద నల్లటిది, కుళ్ళిన కోడిగుడ్డు వాసన, చెప్పుల పట్టీల సందుల్లో పట్టుకుని పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దినా రెండు రోజులు పోయేది కాదు.